శేషం

వోర్మ్సి దీవికి మంచు మీద బాట వేసే పని మాది.
సముద్రం పేరుకున్నాక గట్టు నుంచి గట్టుకి
ముప్ఫై మీటర్లకొక జునిపర్ కొమ్మ పాతుకుంటూ పోతాం.
కొమ్మ దాటి బండి నడపకూడదు.
సీటు బెల్టు పెట్టుకోకూడదు. మునిగితే దూకాలి కదా.

ఏల్మార్ ముసలాయన పోయే ముందు నా చేతికిచ్చింది
ఒక బర్మా, ఒక కొక్కెపు కర్ర,
ముప్ఫై ఒక్క చలికాలాల నోటు పుస్తకం.
తేదీ, అప్పటిదాకా పడ్డ చలి మొత్తం, మంచు మందం.
అక్కడక్కడ చేపనూనె మరక.
ఒకచోట పెన్సిలుతో: "ఇవాళ కొలవలేదు. హెల్వేకి జ్వరం."

యాభై మూడేళ్ళకి ఆన్‌లైన్ క్లాసులో చేరాను.
ఫీజు రోడ్ల శాఖది, టీ నాది.
తార్తు నుంచి మారెక్ పాఠం చెబుతాడు,
నా బర్మా కంటే చిన్నవాడు.
అతని వెనక అల్మారా మీంచి పిల్లి తోక మాత్రం వేలాడుతుంది.
వేగం పెంచితే మాటలు బాతుల్లా పరుగెడతాయి,
తగ్గిస్తే తాగినవాడి మాటల్లా సాగుతాయి.
నేను తాగిన మారెక్ దగ్గరే నేర్చుకున్నాను.

మొదటి వారం చుక్కలు.
ప్రతి చుక్కా ఏల్మార్ మంచు మీద మోకరిల్లిన ఒక పొద్దు.
వాటి మధ్య నుంచి ఒక గీత పోవాలిట,
ఎవరినీ తాకకపోయినా ఫర్వాలేదట,
అందరికీ కలిపి తక్కువ దూరమైతే చాలట.
మా ఊళ్ళో బస్టాపు అలాగే పెట్టారు,
ఎవరి గుమ్మం ముందూ లేదు.

మూడో వారం శేషాలు.
గీత చెప్పింది ఒకటి, సముద్రం చేసింది ఒకటి,
ఆ తేడా పేరు శేషం.
అప్పు శేషం, నిప్పు శేషం, పగ శేషం ఉంచొద్దంటారు.
మారెక్ ఉంచమన్నాడు. వరసగా పేర్చి చూడమన్నాడు.
రూపం లేకుండా చెదిరితే హాయిగా పడుకోండి,
రూపం కనిపిస్తే గీతకి తెలియని సంగతేదో ఉన్నట్టు.

పేర్చాను. విల్లులా వంగాయి.
రాత్రి పదకొండు. టీ చల్లారింది.
ఆ వంపు చూస్తుంటే నా అరచేతులకి గుర్తొచ్చింది:
మొదటి పది సెంటీమీటర్లు వారంలో పడతాయి,
తర్వాతి పది నెల తింటాయి.
పేరిన మంచే కింది నీళ్ళకి దుప్పటి.
చలి లోపలికి దిగాలంటే
తను కట్టిన గోడనే దాటాలి.
ఇరవై ఏళ్ళుగా తెలుసు నాకిది. తెలుసునని తెలీదు.
చలికి వర్గమూలం తీశాను.
విల్లు విరిగి చుక్కలు పిట్టల్లా చెదిరాయి.
వంటింట్లో ఒక్కదాన్నే లేచి నించున్నాను, ఎందుకో.

ఒక్క చుక్క మాత్రం మాట వినలేదు.
పదకొండో చలికాలం, ఫిబ్రవరి.
గీత ముప్ఫై అంటోంది, పుస్తకం పద్నాలుగంటోంది.
తప్పు అంకె, తీసేయనా? అని రాశాను.
తీసే ముందు అడగండి, అన్నాడు.
ఎవర్నని చెప్పలేదు.

హెల్వే కాఫీ పోస్తూ వేలితో బల్ల మీద గీసి చూపించింది.
"ఇక్కడ కింద నీళ్ళు నడుస్తుంటాయి. ఎవరూ కొలవరిక్కడ.
వైనో పాల బండి ఇక్కడే దిగిపోయింది.
మర్నాడు ఈయన బోర్లా పాక్కుంటూ వెళ్ళి కొలిచొచ్చాడు.
రెండ్రోజులు మాట్లాడలేదు నాతో."
బాట అక్కడ ఉత్తరానికి వంగుతుంది.
ఇన్నేళ్ళూ ఆ వంపు తిరిగాను, ఎందుకని అడగలేదు.
చుక్క తీయలేదు.

చివరి పాఠం: కొలిచిన మేర దాటి గీతని పొడిగించకండి.
మారెక్ దీన్ని మూడుసార్లు చెప్పాడు.
నాకు ఒకసారి చాలు, కొమ్మలు పాతేదాన్ని.

ఈ ఏడు ఫిబ్రవరి ఇరవై. వాన.
చలి మొత్తం పుస్తకంలోని అతి చిన్న అంకె కంటే చిన్నది.
అయినా గీత ఎడమ అంచు దాటి
మర్యాదగా నాలుగు సెంటీమీటర్లంది.
గట్టు మీదికి నడిచాను. అలలు.
కొట్టంలో జునిపర్ కట్టలు, ఇంకా పచ్చి వాసన.
పుస్తకంలో తేదీ వేశాను, చలి వేశాను,
మందం దగ్గర కాసేపు ఆగాను.
సున్నా కూడా కొలతే. వేశాను.
పక్కన పెన్సిలుతో: "శేషం, మైనస్ నాలుగు."